మూడువందల అరవై ఆరో గింజ

ఫెలిజ్మినతో మాటా మాటా అనుకున్నవాళ్ళు మా సౌతెలు ఊళ్ళో ఎవరూ లేరు. ఒకప్పుడు డెబ్భై ఇళ్ళ పొగగొట్టాల్లోంచి పొగ లేచేది, ఇప్పుడు ఇరవై రెండిట్లోంచి లేస్తుంది. అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. నేను ఏది చెప్పినా సగం తీసేసి వినడం ఊరివాళ్ళకి అలవాటు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను: ఇందులో కోడి ఒక్కటి తప్ప మిగతాదంతా జరిగిందే.

ఆమె నాకు కొమాద్రె, నేను ఆమెకు కొంపాద్రె. వాళ్ళ పాప జ్ఞానస్నానానికి జ్ఞానతండ్రిగా నిలబడింది నేను. దాంతో వచ్చిన వరస అది. మా దగ్గర ఆ వరస తోడబుట్టినదాని కంటే గట్టిది. పాప నలభై రోజులే బతికింది. వరస యాభై ఏళ్ళు దాటింది.

పంతొమ్మిదేళ్ళప్పుడు కొండ అవతలి పల్లె నుంచి బెల్మీరుని చేసుకుని వచ్చింది ఆమె. బెల్మీరు రోడ్డు పనివాడు. జిల్లా రోడ్డులో ఎనిమిది కిలోమీటర్లు అతనివి. గోతులు పూడ్చడం, పక్క కాలవలు తీయడం, మైలురాళ్ళకి సున్నం కొట్టడం. మేమిద్దరం టౌనులో సిస్టర్ల బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నాం. అతనిది ఎడమచేతి వాటం. కుడిచేత్తో రాయాలని సిస్టరు ఆ ఎడమచేతిని రిబ్బనుతో బల్లకి కట్టేసేది. సిస్టరు అటు తిరగగానే మిగిలిన చేత్తో ముడి విప్పుకుని, ఇటు తిరిగేలోపు మళ్ళీ వేసుకునేవాడు. అలా వేసీ విప్పీ ఒక ముడి కనిపెట్టాడు. చదువు రెండేళ్ళతో ఆగిపోయింది గానీ ఆ ముడి జన్మంతా ఉండిపోయింది. గడ్డి మోపు కట్టినా, మేకని కట్టినా అదే ముడి. వెనకనుంచి ముందుకి తిరిగి, కొస పైకి నిలబడేది. ఎన్నిసార్లు చూసినా నాకది రాలేదు.

పాప పోయినప్పుడు ఫెలిజ్మినకి ఇరవై ఐదు. తెల్ల పెట్టెని బెల్మీరు చంకలో పెట్టుకుని శ్మశానానికి మోశాడు. పసివాళ్ళు పోతే మా దగ్గర సంతాపానికి నలుపు పట్టరు. దేవదూత అయిన బిడ్డ కోసం ఏడిస్తే దాని రెక్కలు తడిసి ఎగరలేదని అత్తగారు చెప్పింది. మూడో రోజు ఫెలిజ్మిన ఎర్రపూల తలగుడ్డ కట్టుకుని రై చేను కోతకి వచ్చింది. ఆమె పక్క మునుం నాది. రవిక రొమ్ముల దగ్గర తడిగా ఉంది. మునుం ఎక్కడా వంకర పోలేదు. పిల్లలు మళ్ళీ పుట్టలేదు.

ఆ తర్వాత పాతికేళ్ళు చెప్పుకోవడానికేమీ లేదు. శరత్తులో చెస్ట్‌నట్ కాయలు ఏరడం, చలికాలంలో పందిని కోసి సాసేజీలు పొగకి వేలాడదీయడం, వారానికోసారి ఊరి పొయ్యిలో రొట్టె కాల్చడం. మధ్యలో చంద్రుడి మీద మనుషులు దిగిన ఏడు ఒకటి వచ్చింది. ఆ సంగతి రేడియోలో విని, వాళ్ళు తిరుగు ప్రయాణంలో మా కళ్ళంలో ఆగి నీళ్ళు తాగి వెళతారని నేను చెప్పాను. అందరూ నవ్వారు. ఫెలిజ్మిన వెళ్ళి కళ్ళం ఊడ్చింది. నిజమైనా కాకపోయినా ఊడ్చిన కళ్ళం పాడైపోదు కదా అంది.

ఎనభై ఆరులో, ఊరి ఆగస్టు తిరనాళ్ళ లాటరీలో బెల్మీరుకి టీవీ తగిలింది. యాంటెనాని పొగగొట్టానికి నిలబెట్టి, జిల్లావాళ్ళు డ్యూటీకిచ్చిన తోలు బెల్టుతో బిగించి, తన ముడి వేశాడు. ఆ వారమంతా ప్యాంటుకి నులక తాడు కట్టుకుని రోడ్డు పనికి వెళ్ళాడు. పై అధికారి అడిగితే బెల్టు ప్రభుత్వ పని మీదే ఉంది దొరా అన్నాడట.

మా ఊరికి బొమ్మ రెండు దారుల్లో వచ్చేది. పడమటి కొండ మీది టవరు నుంచి తిన్నగా ఒకటి. ఎదురుగా ఉన్న రాతిగుట్టకి తగిలి, చుట్టూ తిరిగి కాస్త ఆలస్యంగా రెండోది. అందుకని టీవీలో ప్రతి మనిషి పక్కనా అచ్చం అలాంటి మసక మనిషి ఇంకొకడు, అర బెత్తెడు ఎడంగా ఉండేవాడు. వార్తలు చదివే ఆయన తల తిప్పితే వాడూ తిప్పేవాడు. వాడికి బావమరిది అని పేరు పెట్టాం. ఎక్కడికెళ్ళినా వెంటపడతాడు, పని మాత్రం చేయడు.

వార్తలు చదివే ఆయన మమ్మల్ని కూడా చూస్తున్నాడని చెప్పింది నేనే. ఎవరింట్లో బల్ల తుడవలేదో రాసుకుని పై ఆఫీసుకి పంపుతాడని చెప్పాను. ఇది అబద్ధమని అందరికీ తెలుసు. అయినా ఆ రోజు నుంచి ఒంటిగంట వార్తలకి ముందు ఫెలిజ్మిన తల దువ్వుకునేది, బెల్మీరు చొక్కా పైగుండీ పెట్టుకునేవాడు. ఆయన శుభ మధ్యాహ్నం అనగానే బెల్మీరు చెంచా కింద పెట్టి జవాబు చెప్పేవాడు.

"మీ ఇద్దరికీ దేవుడు మంచి పూట ఇవ్వాలి."

ఇద్దరికీ అంటే ఆయనకీ, బావమరిదికీ. పాతికేళ్ళు ఒక్కరోజు మానలేదు. ఫెలిజ్మిన ఎప్పుడూ జవాబు చెప్పేది కాదు. ఇంట్లో ఒకరు చెబితే చాలు కదా అనేది. వాళ్ళ బూడిదరంగు కోడి కూడా సరిగ్గా ఒంటిగంటకి లోపలికొచ్చి బల్ల కింద కూర్చుని, వాతావరణం సంగతి అయ్యాక లేచి వెళ్ళేది.

రెండువేల పదకొండు ఏప్రిల్ ఇరవై ఏడు, బుధవారం. ఉదయం పదిగంటలప్పుడు బెల్మీరు బంగాళాదుంప మడి గట్టు మీద కూర్చుని మళ్ళీ లేవలేదు. రొట్టె, సాసేజి తీసుకుని వెళ్ళిన ఫెలిజ్మిన అతని పక్కన కాసేపు కూర్చుంది. తర్వాత ఆ రొట్టెని గుడ్డలో మళ్ళీ మడిచి, ఇంటికి తెచ్చి, గంపలో పెట్టి, అప్పుడు నా తలుపు కొట్టింది. బెల్మీరుని తీసుకురావాలి, మీ తోపుడుబండి కావాలి అంది. ఎక్కణ్ణించి అన్నాను. మడి దగ్గర్నించి అంది. బండికి చక్రం తిరుగుతోందా అని కూడా అడిగింది.

ఆమె ఏడ్చిందా అని ఊళ్ళో చాలామంది నన్నడిగారు. నేను చూడలేదు.

మూడోరోజుకల్లా ఇల్లు నలుపు పట్టింది. అద్దానికి గుడ్డ, రేడియో అటక మీదకి, కిటికీ తలుపులు ఓరగా. టీవీ మీద ఆమె పెళ్ళినాటి నల్ల ఊలు శాలువా కప్పింది. ఒక ఏడాది. ఒంటికి నలుపు ఎలాగూ జన్మంతా ఉంటుంది, ఇంటికి మాత్రం ఏడాది. మధ్యలో ఆ గుడ్డ తీస్తే లెక్క చెడినట్టు, మళ్ళీ మొదటి నుంచి పట్టాలి. వాళ్ళమ్మ ఊళ్ళో రివాజు అది. దాణా కొట్టువాళ్ళిచ్చిన కాలెండరులో రోజూ అడ్డగీత కొట్టేవాడు బెల్మీరు. ఏప్రిల్ ఇరవై ఆరు మీద ఆగిపోయిన ఆ కాగితాన్ని ఆమె తిప్పలేదు. ఇరవై ఏడు మీద గీత కొట్టడానికి ఆమెకి చెయ్యి రాలేదనుకుంటాను. మరి లెక్క ఎలా? నన్ను పిలిచింది.

"కొంపాద్రె, నువ్వు సిస్టర్ల దగ్గర చదివావు. ఏడాదికి ఎన్ని రోజులు?"

మూడువందల అరవై ఐదు అన్నాను. నా జీవితంలో అంత నిజాయితీగా చెప్పిన సంగతులు తక్కువ. ఇద్దరం బల్ల దగ్గర కూర్చుని ఎర్ర చిక్కుడు గింజలు రెండుసార్లు లెక్కపెట్టి గాజు సీసాలో పోశాం. రోజూ పొద్దున్నే ఒక గింజ తీసి పక్కన ఖాళీ సీసాలో వేసేది. తర్వాత కోళ్ళకి గింజలు, క్యాబేజీ మడికి నీళ్ళు, సూపు. ఒంటిగంటకి తల దువ్వుకుని శాలువా ఎదురుగా కూర్చుని భోంచేసేది. కోడీ వచ్చి కూర్చునేది.

నేను వారానికి రెండుమూడుసార్లు వెళ్ళేవాణ్ణి. ఎలా ఉన్నావు కొమాద్రె అంటే ఉన్నాను అనేది. అదే మాట, అదే గొంతు. బెల్మీరు సంగతి ఎత్తితే అవును అనేది. నా గాలికబుర్లన్నీ ఒకటొకటిగా ఆమె ముందు పెట్టాను. రెండు తోకల బల్లి కథ, సైన్యంలో నేను నిద్రలో నడిచి స్పెయిన్ వెళ్ళి వచ్చిన కథ. అలాగా అనేది. పందెం వేసి చెబుతాను, ఇల్లు కాలిపోతోందన్నా అలాగా అనేదే.

ఆ ఏడాదిలోనే దేశమంతా టీవీ మారింది. పాత టవర్లు ఆపేసి కొత్త పద్ధతి పెడుతున్నారు, దానికి టీడీటీ అని పేరు, ప్రతి టీవీకీ ఒక పెట్టె తగిలించుకోవాలి, యాంటెనాని తూర్పు కొండ టవరు వైపు తిప్పుకోవాలి. మా ఊళ్ళో చాలామంది దాన్ని డీడీటీ అన్నారు. ఎవరిష్టు అనే ముసలాయనైతే బంగాళాదుంప పురుగు మందు టీవీలో పోయడమేమిటని కాఫీ దుకాణంలో గొడవపడ్డాడు. ఈ కబురంతా నెలల తరబడి టీవీ అడుగున పట్టీలా పరుగెత్తుతూనే ఉంది. పంచాయతీ గదిలో మీటింగు కూడా పెట్టారు. నలుపు పట్టినవాళ్ళు మీటింగులకి వెళ్ళరు. టీవీ అడుగున పరుగెత్తే పట్టీ శాలువా కిందనుంచి కనపడదు. నలుపు పట్టిన ఇంటికి వెళ్ళి టీవీ ముచ్చట ఎత్తడం మర్యాద కాదు. ఎవరో ఒకరు చెప్పే ఉంటారని ప్రతివాళ్ళమూ అనుకున్నాం. నేనూ అనుకున్నాను. నిజం చెప్పాలంటే నేను అసలేమీ అనుకోలేదు. ఏడాదిపాటు చూసి చూసి, ఆ మూల ఉన్నది టీవీ అని నేనే మరిచిపోయాను. అది ఒక నల్ల శాలువా, అంతే.

ఏప్రిల్ ఇరవై ఆరు, గురువారం. ఆఖరి గింజ. గుడ్డ తీసేటప్పుడు వరసైనవాళ్ళు ఒకరు పక్కన ఉండాలని నన్ను పిలిచింది. ఒంటిగంటకి రెండు నిమిషాలు తక్కువ. తల దువ్వుకుంది. శాలువాని నాలుగు మడతలు వేసి కుర్చీ మీద పెట్టింది. టీవీ మీట నొక్కింది.

చుక్కలు. తెల్లవీ నల్లవీ, కుండపోత వానలా, సుయ్యిమని శబ్దం. ఇంకో మీట నొక్కింది. అక్కడా చుక్కలే. పడమటి టవరుని ఆ పొద్దున్నే ఆపేశారు. ఆమె గోడ మీది కాలెండరు వైపు చూసింది, సీసా వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఇవాళ తారీఖెంత?"

ఇరవై ఆరు అన్నాను. అతను పోయింది ఇరవై ఏడున, అంది. నాకు అప్పుడు తట్టింది. ఆ ఏడు ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది రోజులు. ఏడాదికి మూడువందల అరవై ఆరు. ఒక రోజు ముందు గుడ్డ తీసేసింది.

నేను గబగబా చెప్పడం మొదలుపెట్టాను. ఇది రోజు తక్కువైనందుకు కాదు, ప్రభుత్వం టవరు ఆపేసింది, పెట్టె ఒకటి పెడితే బొమ్మ వస్తుంది, దేశమంతా ఇంతే అన్నాను. ఆమె టీవీ ఆపేసింది. శాలువా మడతలు ఒకటొకటిగా విప్పి మళ్ళీ కప్పింది.

"దేశమంతా టీవీలు ఆపేశారా?"

"అవును కొమాద్రె."

"బెల్మీరు పోయి ఏడాది నిండే రోజునే?"

"అవును."

"చంద్రుడి మీదవాళ్ళు కళ్ళంలో దిగినట్టేనా?"

నాకు తెలిసిన ఒట్లన్నీ పెట్టాను. ప్రతి ఒట్టునీ ఆమె ఇదివరకు విన్నదే. ఆదివారం ఫాదర్ ఉర్బాను వచ్చాడు. నాలుగు ఊళ్ళకీ ఆయనొక్కడే, కారు ఆపకుండానే ఆశీర్వదించే మనిషి. ఫాదర్, ఈ ఏడు మూడువందల అరవై ఆరు రోజులా అని ఫెలిజ్మిన అడిగింది. కారు తలుపు వేసుకుంటూ, అవునమ్మా, ఇది లీపు సంవత్సరం అన్నాడాయన. అంతకంటే ఏం కావాలి. నేను వెళ్ళేసరికి సీసా మళ్ళీ నిండి ఉంది. అవే గింజలు. ఇంకొకటి ఎక్కువ. మూడువందల అరవై ఆరు. ఈసారి లెక్కపెట్టడానికి నన్ను పిలవలేదు.

ఊరి మీద ఇదివరకు నేను వదిలిన అబద్ధాలన్నీ ఆ నెల రోజుల్లో నా ఇంటికి తిరిగొచ్చాయి. పంచాయతీ వాళ్ళ కాగితం చూపించాను, దాని మీద ముద్ర చూపించాను. సిస్టర్లు నీకు అక్షరాలు బాగా నేర్పారు కొంపాద్రె అంది. కాఫీ దుకాణం అబీలియుని వెంట తీసుకెళ్ళాను. అతను అబద్ధం చెప్పడు, చెప్పేంత ఊహ లేదు. కాస్త వంగి, కొత్త పెట్టె తనే తెచ్చి పెడతానన్నాడు. నలుపు ఉన్న ఇంట్లో మేకు కొట్టకూడదు అంది. ఆ బెల్టు మీద చెయ్యి వేయద్దు అని కూడా అంది. గొంతు పెంచలేదు.

నాకు భయం వేసింది ఏడాది గురించి కాదు. వచ్చే ఏప్రిల్ గురించి. మళ్ళీ గుడ్డ తీస్తుంది, మళ్ళీ చుక్కలే. అప్పుడు మూడో ఏడు. తర్వాత నాలుగు. ఆమెకి డెబ్భై ఆరు. చెప్పినా వినదు, పెట్టనివ్వదు. ఆమె గుడ్డ తీసే రోజున తెర మీద మనిషి ఉండాలి, అంతే. మొదటి లెక్క తప్పు చెప్పింది నేను కాబట్టి అది నా పని.

మార్చిలో ఒక ఆదివారం, ఆమె గుడికి వెళ్ళినప్పుడు నేనూ అబీలియూ నిచ్చెన వేశాం. నాకు డెబ్భై ఎనిమిది, అతనికి అరవై తొమ్మిది, నిచ్చెనకి మా ఇద్దరి కంటే ఎక్కువే ఉంటుంది. ఉపవాసాల శ్రమల కాలం కాబట్టి ఫాదర్ ప్రసంగం పొడుగుంటుందని లెక్కవేసుకున్నాం. పైకెళ్ళి చూస్తే ఇరవై ఏడేళ్ళ ఎండకీ మంచుకీ ఆ తోలు కట్టెలా బిగిసిపోయింది.

"కోసేద్దాం," అన్నాడు అబీలియు. "నా దగ్గర కత్తి ఉంది."

"నీ చెయ్యి కోస్తాను ముందు."

"మరి పాట పాడితే విడుతుందా? అవతల ప్రసంగం అయిపోవస్తోంది."

ఆలివ్ నూనె పోశాం. చెప్పులు కుట్టే ఆరెతో కొంచెం కొంచెంగా లాగాను. ఆ ముడి లోపల ఎటు తిరిగిందో వేలితో తడుముతుంటే సిస్టర్ల బడి బల్ల, నీలం రిబ్బను గుర్తొచ్చాయి. ముడి విడిపోయాక బెల్టు మీద అది ఉన్నచోట లేత రంగు మిగిలింది. కాసేపు దాన్ని పట్టుకుని ఉండిపోయాను. అబీలియు దగ్గాడు. యాంటెనాని తూర్పుకి తిప్పాం. బెల్మీరు ముడి వేయాలని నాలుగుసార్లు ప్రయత్నించాను. ఎప్పుడూ రానిది ఆ రోజు మాత్రం ఎలా వస్తుంది. నాకు వచ్చిన ముడే వేశాను.

లోపల పెట్టెని టీవీ వెనకాల పెట్టి, శాలువా ఎత్తకుండా, పాతకాలపు ఫోటోగ్రాఫరులా అబీలియు తల శాలువా కిందకి దూర్చాడు. ఎవరో కనిపిస్తున్నారా అని అడిగాను. వంట చేసే ఆవిడ కనిపిస్తోంది, చేపలు చేస్తోంది అన్నాడు. అది గుడ్డ తీయడం కిందకి రాదని ఇద్దరం తీర్మానించుకున్నాం. పెట్టెకి ఎర్ర దీపం ఒకటి ఉంది, ఊలు కంతల్లోంచి బయటికి కనపడుతోంది. దాని మీద గాయాలకి వేసే ప్లాస్టరు అంటించాం. ఆమె వచ్చేసరికి నిచ్చెన లేదు, మేమూ లేము.

ఆ తర్వాత నలభై రోజులూ నేను ఆమె ముఖం చూశాను. ఏమైనా పసిగట్టిందా అని. ఎలా ఉన్నావు కొమాద్రె అంటే ఉన్నాను అంది.

రెండువేల పదమూడు ఏప్రిల్ ఇరవై ఏడు శనివారమైంది. సన్న వాన. నేను వెళ్ళేసరికి బల్ల మీద రెండు చెంచాలు, రెండు గిన్నెలు పెట్టి ఉన్నాయి. పొయ్యి మీద పెద్ద కుండలో ఏదో ఉడుకుతోంది. సీసాలో ఒక్క గింజ. ఆమె తల దువ్వుకుని వచ్చి కూర్చుంది. ఒంటిగంటకి ఇంకా పది నిమిషాలు ఉంది.

"కొంపాద్రె, పైన ముడి నీదేనా?"

నా నోట్లో అబద్ధాలు ఎప్పుడూ తయారుగా ఉంటాయి. ఆ రోజు ఒక్కటీ రాలేదు. నాదే అన్నాను. ఎప్పుడు తెలిసిందని అడిగాను.

"ఆ ఆదివారం గుడి నుంచి వస్తూనే. అతని ముడి కొస పైకి నిలబడేది. ఇది కిందకి వేలాడుతోంది, దెబ్బలు తిన్న కుక్క తోకలా."

బెల్టు విప్పినందుకు తిట్టవా అన్నాను. కొయ్యలేదుగా అంది.

"మరి టవరు ఆపేశారని?"

"అది నిరుడు మే నెలలోనే. అబీలియు కొట్టు ముందునుంచి వెళుతుంటే లోపల టీవీ కనపడదా? మనుషులు గాజులో చెక్కినట్టున్నారు. నువ్వు చెప్పింది నిజమే. చెప్పింది నువ్వు కాబట్టి ఆలస్యంగా తెలిసింది."

నాకు కోపం రావాలి. రాలేదు. తెలిసి కూడా మళ్ళీ ఏడాది ఎందుకు కూర్చున్నావమ్మా అని అడిగాను. ఆమె ఆ ఒక్క గింజనీ సీసాలోంచి తీసి అరచేతిలో పెట్టుకుంది.

"మొదటి ఏడాది బెల్మీరుది. ఒక రోజు తక్కువైంది, అది నీ లెక్క, అతను ఏమనుకోడు. ఇది పాపది. అప్పుడు ఎవరూ నలుపు పట్టనివ్వలేదుగా."

కుండ మూత ఆవిరికి కదులుతోంది. ఆమె లేచి మూత సర్ది వచ్చింది.

"దాని రెక్కలేం తడవలేదులే కొంపాద్రె. నేనేం ఏడవలేదు. ఊరికే కూర్చున్నాను."

ఆ పాప పేరు నా నోటికొచ్చింది. జ్ఞానస్నానం రోజు ఆ పేరు పలికింది నేనే. యాభై రెండేళ్ళుగా మళ్ళీ ఎవరం పలకలేదు. ఎలిజియ అన్నాను. అవును అంది ఆమె. ఇన్నాళ్ళూ బెల్మీరు సంగతి ఎత్తితే అన్నట్టే, అదే గొంతుతో.

ఒంటిగంటయింది. శాలువా తీసి నాలుగు మడతలు వేసింది. మీట నొక్కింది. బొమ్మ వెంటనే రాలేదు, తెర నల్లగా ఉండిపోయింది. తర్వాత వచ్చింది. వార్తలు చదివే ఆయన. రెండేళ్ళలో కాస్త నెరిశాడు. కోటు మీది దారాలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. కొత్త పద్ధతిలో నీడలుండవు, రాతిగుట్టకి తగిలి వచ్చే బొమ్మకి ఇప్పుడు చోటు లేదు. ఆయన పక్కన ఖాళీ.

శుభ మధ్యాహ్నం అన్నాడాయన.

ఫెలిజ్మిన కూర్చుని, ఖాళీ చెంచా ఎత్తి మళ్ళీ కింద పెట్టి, ఎదురు చూసింది. పాతికేళ్ళు చూసినట్టే, పక్కనుంచి జవాబు రావడానికి పట్టేంతసేపు. ఆయన అప్పటికే రెండో వార్తలోకి వెళ్ళిపోయాడు. అప్పుడు చెప్పింది.

"నీకు దేవుడు మంచి పూట ఇవ్వాలి."

కొంతసేపు తెర వైపు చూసింది. బావమరిది ఏడీ అని నన్ను అడిగింది. పెళ్ళి చేసుకుని వేరే వెళ్ళిపోయాడు, లిస్బన్‌లో ఉద్యోగమట అన్నాను. అలాగా అంది. మంచిదే, ఎన్నాళ్ళని అలా పక్కన నిలబడతాడు అంది. నమ్మిందో లేదో నాకు తెలియదు.

చేతిలో ఉన్న ఆఖరి గింజని తీసుకెళ్ళి కుండలో వేసింది. మిగతా మూడువందల అరవై ఐదూ ముందు రోజే నానబోసి పొద్దున్నే పొయ్యి మీద పెట్టిందట. బంగాళాదుంప, క్యాబేజీ, సాసేజి ముక్క వేసి సూపు చేసింది. గిన్నెలో పోసి నా ముందు పెట్టింది. రెండేళ్ళు సీసాలో ఉన్న గింజలు నాలుగు గంటలు కాదు, నాలుగు రోజులు ఉడకబెట్టినా మెత్తబడవు. పంటి కింద గులకరాళ్ళలా ఉన్నాయి. నాకున్నవి తొమ్మిది పళ్ళు.

ఉడకలేదు అంది ఆమె.

బానే ఉన్నాయి అన్నాను. ఇద్దరం తిన్నాం. టీవీలో వాతావరణం చెబుతున్నారు, రేపూ వానే అన్నారు. అది అయ్యాక కోడి లేచి బయటికి వెళ్ళింది.